ఆది జాకెట్టు

కిందటేడు మాఘమాసంలో మా అక్క కూతురికి ఏలూరులో ఓణీల ఫంక్షన్ చేశారు. పొద్దున పూజ దగ్గర పట్టు పరికిణీ, మధ్యాహ్నం భోజనాల వేళకి ఓణీ, సాయంత్రం స్టేజీ మీద లాంగ్ గౌను, ఇదీ వరస. మొదటి రెండింటికీ ఎవరికీ పేచీ లేదు. మూడోదాని దగ్గర ఇల్లు రెండు పార్టీలైంది. షాపుల్లో వేలాడే గౌను తనకొద్దనీ, మా అమ్మ పెళ్ళినాటి పట్టుచీరతో కుట్టించుకుంటాననీ పిల్ల పట్టుబట్టింది. దాని క్లాసులో ఇద్దరు అలాగే కుట్టించుకున్నారట. అమ్మ ససేమిరా అంది. "తలంబ్రాల చీరకి కత్తెర పెడతారా ఎక్కడన్నా?" అని ఒకటే మాట. అక్క ఎటూ చెప్పలేక నన్ను ఫోన్లోకి లాగింది.

నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. చదివింది ఇంజనీరింగ్. చరిత్ర నాకు రాత్రి పదకొండు దాటాక పట్టే పిచ్చి, అంతకన్నా అర్హత లేదు. తల్లీ మనవరాలి తగువు తీర్చడం నావల్ల అయ్యే పని కాదుగానీ, మంచి రోజు కట్టే బట్టకి కత్తెర తగలకూడదన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతుక్కుంటూ కూర్చున్నాను. వెతగ్గా వెతగ్గా చివరికి తేలింది మా ఇంటి సంగతే. కాస్త ఓపిక పట్టండి, అక్కడికే వస్తాను.

ముందు కుట్టే మనిషి. పవర్‌పేట వైపు ఒక సందులో ఆవిడ కొట్టు. రెండు మిషన్లు, ఒకదానికి మోటారు. గోడకి వరసగా కవర్లు, ఒక్కో కవరు మీద స్కెచ్ పెన్నుతో ఒక తేదీ. మేం చీర చూపించబోతుంటే ఆవిడ మొదట అడిగింది చీర గురించి కాదు. "ఆది తెచ్చారాండీ?" అంది.

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. కొత్త జాకెట్టు కుట్టడానికి కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టు ఆది. టేపుతో ఒళ్ళు కొలిస్తే ఒక అంకె వస్తుంది. ఆది జాకెట్టులో ఆ మనిషి ఎలా కూర్చుంటుంది, ఏ చెయ్యి ఎక్కువ ఎత్తుతుంది, చంక దగ్గర ఎంత వదులు ఓర్చుకుంటుంది అన్నీ ఉంటాయి. నా భాషలో చెప్పాలంటే డాక్యుమెంటు చదవడం వేరు, నడుస్తున్న కోడు చూడడం వేరు. నచ్చిన ఆదిని ఆడవాళ్ళు చిరిగిపోయినా పారెయ్యరు. గౌనుకి మా దగ్గర ఆది లేదు. ఆ పిల్ల ఒంటి మీద అలాంటిది ఇంతకు ముందు పడలేదు మరి. మా ఇళ్ళలో గౌనంటే ఐదేళ్ళ పిల్లలు వేసుకునేది. ఆ మాట మళ్ళీ పెద్దవాళ్ళకి, అదీ సాయంత్రం ఫంక్షన్లకి, ఈమధ్యే తిరిగొచ్చింది.

*

సందర్భం కోసం బలవంతాన కుట్టుబట్ట తొడుక్కోవలసి వచ్చిన మనిషి గొడవ తెలుగులో నాకు తెలిసినంతలో మొదట శ్రీనాథుడిది. ప్రౌఢదేవరాయల కొలువుకి వెళ్ళినప్పుడు చెప్పాడని ఆయన పేరు మీద ఒక చాటువు తిరుగుతుంది. కన్నడ రాజ్యలక్ష్మిని ఉద్దేశించి, నీ దర్శనం కోసం కుళ్ళాయి పెట్టాను, పెద్ద కూర్పాసం తొడిగాను, తినరానివి తిన్నాను, ఇంకా దయ రాలేదా అని మొర. చాటువులన్నీ ఆయనవేనా అన్న చర్చ ఎలాగూ ఉంది. పద్యం ఎవరిదైనా, అందులో ఉన్న దర్బారు నిజం. పదిహేనో శతాబ్దపు విజయనగరంలో రాజు ముందుకి వెళ్ళాలంటే కత్తిరించి కుట్టిన పొడుగు చొక్కా, నిటారుగా నిలబడే టోపీ ఉండాలి. చొక్కా పేరు కబాయి. అరబ్బీ 'కబా' నుంచి వచ్చింది. టోపీ కుళ్ళాయి, పారశీక 'కులాహ్'. ఫిలిప్ వాగనర్ అనే అమెరికన్ పండితుడు 1996లో ఈ బట్టల మీదే ఒక పెద్ద వ్యాసం రాశాడు. సుల్తానుల లోకంతో సమానంగా కనపడాలని విజయనగరం రాజులు కొలువులో ఆ వేషం ఎంచుకున్నారని ఆయన వాదన. గుళ్ళో పంచె, కొలువులో కబాయి.

చాటువులోని 'కూర్పాసం' అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అమరకోశంలో కూర్పాసకం, చోళం పర్యాయపదాలు. చోళం మన చోళీ. అంటే ఆడవాళ్ళ రవికకి చెల్లే మాటే మగవాడి దర్బారు కోటుకీ చెల్లింది. రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కొలువులో వెలిగిన కవి, గోదావరి నీళ్ళు తాగినవాడు, ఈ కుట్టుబట్టలో తనకి ఊపిరాడలేదని గోలపెట్టాడు. ఇప్పటి పెళ్ళికొడుకులు షేర్వాణీ మెడ బొత్తం పెట్టుకుంటూ పడే అవస్థే ఇది.

కాబట్టి "మనది కుట్టని బట్టల సంప్రదాయం, కుట్టు దొరలతో వచ్చింది" అని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు. కుట్టు ఎప్పుడూ ఉంది. ఎప్పుడు ఎవరు ఏది తొడుక్కోవాలి అన్న పట్టింపు దాంతోపాటే ఉంది. మడి కట్టుకున్న మనిషి కుట్టుబట్ట ముట్టదు. అదే మనిషి పేరంటానికి రవిక లేకుండా వెళ్ళదు. భర్త పోతే, ఆచారం గట్టిగా పట్టిన ఇళ్ళలో జుట్టుతోపాటు రవికా పోయేది. వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన రోజుల్లో ఈ సంగతి ఎవరికీ వింతగా తోచి ఉండదు. తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్ళు పైబట్ట హక్కు కోసం దశాబ్దాలు కొట్లాడి 1859లో ప్రకటన తెచ్చుకున్నారు. మన వైపు అలాంటి పోరాటం చరిత్ర పుస్తకాలకెక్కలేదుగానీ, కొల్లేటి లంకల్లో రవిక లేకుండా కోక ఒక్కటే చుట్టుకునే ముసలమ్మలని నా చిన్నప్పుడు నేనే చూశాను. వాళ్ళకి చాతకాక కాదు, అలవాటు లేక. 'అలవాటు లేదు' అన్న మాటలో ఒకప్పుడు ఎవరి ఆజ్ఞ ఉండేదో వాళ్ళని నేను అడగలేదు. అడగాల్సింది.

రవిక గుడ్డ విషయంలో ఇంకొకటి. పేరంటంలో తాంబూలంతో పెట్టే జాకెట్టు ముక్క ఎప్పుడూ కుట్టనిదే పెడతారు. అది ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి, ఆ ఇంటి నుంచి ఇంకో ఇంటికి మడత నలగకుండా తిరుగుతుంది. ఒక్కోసారి రెండేళ్ళ తర్వాత మనం పెట్టిందే మనకి తిరిగొస్తుంది. కత్తెర పడనంతవరకూ ఆ గుడ్డ ఎవరిదైనా కావచ్చు. కత్తెర పడ్డ క్షణం నుంచి అది ఒక్క మనిషి ఒంటిది. అమ్మ భయం కూడా ఇదేనని నాకు తోచింది. చీరగా ఉన్నన్నాళ్ళూ అది తనకీ అక్కకీ అక్క కూతురికీ అందరికీ చెల్లుతుంది.

*

ఇప్పుడు మన జాకెట్టు. ఆ మాటే ఇంగ్లీషుది. బ్రౌన్ నిఘంటువులో రవిక ఉంది. డెల్టా ఇళ్ళలో వాడుకలో నిలిచింది జాకెట్టు. చీర కింద లోపలి లంగా, పైన చేతులున్న జాకెట్టు వేసి బయటికి రావడం అనే పద్ధతికి బెంగాలు ఠాగూర్ల ఇంటి కోడలు జ్ఞానదానందినీదేవిని మొదట చెబుతారు. 1864లో భర్తతో బొంబాయి వెళ్ళి, పార్సీ ఆడవాళ్ళ కట్టు చూసి, తనది మార్చుకుంది. బ్రహ్మసమాజం ఇళ్ళ ద్వారా అది పాకింది. చేతుల సంగతి చూస్తే నవ్వొస్తుంది. 1890లలో ఇంగ్లండులో గౌన్ల భుజాలు బుంగల్లా ఉబ్బాయి. మన అమ్మమ్మల బుట్టచేతుల జాకెట్టు ఆ ఉబ్బుకి చుట్టమే. ఇంగ్లండులో ఆ మోజు పదేళ్ళలో చల్లారింది. మన దగ్గర 1950ల సినిమాల దాకా బతికి, సావిత్రీ జమునల భుజాల మీద కొత్త ప్రాణం పోసుకుని, మళ్ళీ పోయి, మళ్ళీ వచ్చింది. పవర్‌పేట ఆవిడ గోడ మీద కవర్లలో నేను లెక్కపెట్టినవి నాలుగు.

డెల్టా నుంచి దొరల గౌన్ల లోకానికి ఎదురు వెళ్ళింది కూడా ఒకటుంది. ఏలూరు నుంచి గూడెం, భీమవరం మీదుగా దిగువకి వెళ్తే నరసాపురం. 1836లో గ్రోవ్స్ అనే ఆయన వెంట వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు ఆ ప్రాంతంలో స్థిరపడ్డారు. తర్వాత 1844 ప్రాంతంలో స్కాట్లండుకి చెందిన మెక్రే దంపతులు అక్కడి ఆడవాళ్ళకి కొక్కెం సూదితో లేసు అల్లడం నేర్పారని చెప్పుకుంటారు. సరిగ్గా ఆ దశకంలోనే ఐర్లండులో బంగాళదుంప పంట కుళ్ళి కరువొస్తే, క్రైస్తవ సన్యాసినులూ ధర్మాత్ములైన దొరసానులూ అక్కడి ఆడపిల్లలకి ఇదే పని నేర్పి పొట్ట నింపారు. వెనిసు నగరపు ఖరీదైన సూదిలేసుని తొందరగా, చవగ్గా అనుకరించడానికి పుట్టిన పని అది. ఐర్లండు ఆకలికీ గోదావరి డెల్టా తీరికకీ ఒకే దారం అన్నమాట. ఆ 'తీరిక' అన్న మాట గుర్తుంచుకోండి.

జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. పేరుని తెలుగులో చెప్తే 'నరసాపురం లేసు అల్లేవాళ్ళు'. తెలుగునాట ఆడవాళ్ళ పని గురించి వచ్చిన పుస్తకాల్లో దీన్ని మించింది నేను చదవలేదు. పనిని ముక్కలు చేశారు. పువ్వులు అల్లేది ఒకరు, అది చేతిపని. వాటిని కలిపేది ఇంకొకరు, అది అతుకుపని. ఎవరి చేతిలోనూ పూర్తి వస్తువు ఉండదు. దారం తెచ్చి ఇచ్చేవాడు, సరుకు పట్టుకెళ్ళేవాడు, ఎగుమతి చేసేవాడు మగవాడు. లక్షకు పైగా ఆడవాళ్ళు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతుంటే, వాళ్ళని ఎవరూ పనివాళ్ళుగా లెక్కించలేదు. ఇంట్లో ఖాళీగా ఉన్న ఇల్లాళ్ళు తీరిక వేళల్లో చేసుకునే కాలక్షేపం అన్నారు. కాలక్షేపానికి కనీస వేతనం ఉండదు. ఆ లేసు విదేశాల్లో బల్లల మీదా గౌన్ల మెడల చుట్టూ వెలిగింది. అల్లినవాళ్ళు దాన్ని తొడుక్కోలేదు.

మీస్ పుస్తకంలో నాకు ఒక పేచీ ఉంది. ఆవిడకి ఆ ఆడవాళ్ళు తమ పనితనం గురించి పడే గర్వం సరిగా పట్టుబడలేదనిపిస్తుంది. దోపిడీ లెక్క తేలాక ఇక పువ్వు ఎలా ఉందో చూడక్కర్లేదన్నట్టు రాస్తుంది. కానీ ఆ లెక్క మాత్రం ఎవరూ కాదనలేనిది.

*

మిషన్ కథ వేరు. హోవ్ 1846లో, సింగర్ 1851లో పేటెంట్లు తీసుకున్నారు, కోర్టులో కొట్టుకున్నారు, హోవ్ గెలిచాడు, డబ్బు మాత్రం సింగర్ కంపెనీ ఎక్కువ చేసుకుంది. కారణం వాయిదాల పద్ధతి. మిషన్ ఇప్పుడు పట్టుకెళ్ళు, నెలనెలా కట్టు అన్న బేరం లోకానికి అలవాటు చేసింది వాళ్ళే. గాంధీగారు యంత్రాల మీద ఎంత కోపంగా ఉన్నా, సింగర్ మిషన్‌ని మినహాయించారు. 1924 నవంబరు యంగ్ ఇండియాలో ఆ సంభాషణ వచ్చింది. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే అవస్థ చూడలేక, ప్రేమతో సింగర్ ఈ యంత్రం కనిపెట్టాడని ఆయన నమ్మిక. నిజం సింగర్‌కి ఒకరికి తెలియకుండా ఒకరితో కాపురాలు, ఇరవై మందికి పైగా పిల్లలు. మహాత్ముడికి ఆ సంగతి ఎవరూ చేరవెయ్యలేదు కాబోలు, మన అదృష్టం.

బెజవాడ నుంచి రాజమండ్రి వైపు 1893లో రైలు పడ్డాక ఏలూరు, తాడేపల్లిగూడెం స్టేషన్లయ్యాయి. ధవళేశ్వరం ఆనకట్ట అప్పటికే నలభయ్యేళ్ళుగా నీళ్ళిచ్చి చేతిలో డబ్బు ఆడేలా చేసింది. రైలు మీద మిల్లుబట్టా, మిషనూ వచ్చాయి. మొదట్లో మిషన్ ముందు కూర్చున్నది మగవాళ్ళే. బట్టల కొట్టు అరుగు మీద దర్జీ, కొన్నచోటే కొలత. ఆడవాళ్ళకి మిషన్ పల్లెటూరి ఇళ్ళలోకి రావడం చాలా తర్వాత, అదీ ఎక్కువగా కలకత్తా జయ్ ఇంజనీరింగ్ వాళ్ళ ఉషా మిషన్ రూపంలో.

అలాంటిదొకటి 1962లో మా అమ్మమ్మ ఇంటికి వచ్చింది. గూడెంలో కొని, కైకలూరు దాకా బస్సు మీద, అక్కణ్ణుంచి ఎడ్లబండి మీద. ఊరు కొల్లేటి అంచున. వానాకాలం చుట్టూ నీళ్ళు. శ్రావణమాసం జాకెట్లకి లంకల నుంచి ఆడవాళ్ళు తాటిదోనెల్లో బట్ట పట్టుకొచ్చేవాళ్ళు. బట్ట తడవకుండా కంచుగిన్నెలో పెట్టి, పైన ఇంకో గిన్నె బోర్లించి. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి ఇంకో తాకిడి. జాతరకి వారం ముందు అమ్మమ్మ రాత్రిపూట లాంతరు మిషన్ పక్కన వేలాడదీసుకుని కుట్టేదని అమ్మ చెబుతుంది. ఎక్కువగా టూ బై టూ రూబియా. కొత్త బట్టని ముందు రాత్రంతా నీళ్ళలో నానేసి, నీడన ఆరేసి, అప్పుడు కత్తెర పెట్టేది. లేకపోతే మొదటి ఉతుక్కి చంకలు పట్టేస్తాయి. జాకెట్టుకి ముప్పావలా. లేని వాళ్ళ దగ్గర ఎండుచేప, కందులు. పరికిణీలకి మాత్రం అడిగినా అడక్కపోయినా కింద అంచు పైన ఒక టక్కు పెట్టేది. పిల్ల ఎదిగిన కొద్దీ ఆ టక్కు విప్పుకుంటూ పోతే ఒక పరికిణీ నాలుగేళ్ళు వస్తుంది.

ఇంట్లో దీన్ని ఏమనేవాళ్ళో తెలుసా? కాలక్షేపం. "మీ అమ్మమ్మకి మిషన్ కాలక్షేపం రా" అని మా తాత నాతోనే అన్నాడు. ఆయన మంచివాడు, వెటకారంగా అనలేదు. తాతకి చేపల చెరువులో వాటా ఉండేది. అమ్మ చదువు, పెళ్ళి, మావయ్య ట్రాక్టరు, అన్నీ చెరువు డబ్బుతోనే అన్నది మా ఇంటి చరిత్ర. ఇది చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. 2006లో ప్రభుత్వం కొల్లేరు అభయారణ్యంలో ఐదో కాంటూరు లోపల ఉన్న చెరువుల గట్లు కొట్టించేసింది. మా వాటా పోయింది. చిత్తడి నేల బతకాలంటే గట్లు పోవాల్సిందేనని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు నేను ఇంటర్మీడియట్. తాత ఆర్నెల్లు వీధరుగు మీంచి లేవలేదు. ఆ ఆర్నెల్లూ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందన్న ప్రశ్న నాకు రాలేదు. ఎవరికీ రాలేదు. మిషన్ చప్పుడు మాత్రం బాగా గుర్తుంది.

*

ఫోన్లో తగువు మూడో రోజుకి అమ్మమ్మ చెవిన పడింది. ఆవిడకి ఎనభై అయిదు. చూపు మందగించింది, చెవి బాగానే ఉంది. అమ్మ యథాప్రకారం "నాన్న చెరువు మీద వచ్చిన డబ్బు పెట్టి కొన్న చీర, కంచి నుంచి తెప్పించాడు, కోస్తానంటే ఎలాగ" అంటోంది. స్పీకరు పెట్టి ఉంది.

"ఆ చీర మీ నాన్న కొన్నాడని ఎవరు చెప్పారే నీకు?" అంది అమ్మమ్మ.

ఎవరూ మాట్లాడలేదు.

"ఆ ఏడు చెరువులో చేప చచ్చిపోయింది. పన్నెండొందలు నా మిషన్ డబ్బులు. మీ నాన్న కొట్టు దాకా వచ్చాడు, అంతే. కోసుకోనీ పిల్లని."

1985లో కొన్న చీర. అంటే నలభయ్యేళ్ళుగా ఆ మాట ఆవిడ నోట రాలేదు. ఎందుకు చెప్పలేదని నేను తర్వాత అడిగితే, "అడిగిందెవరు?" అంది. మరియా మీస్ పుస్తకం నేను రెండుసార్లు చదివాను. నరసాపురం ఆడవాళ్ళ గురించి స్నేహితుల దగ్గర పెద్ద ఉపన్యాసాలు ఇచ్చాను. మా ఇంటికి ముప్పై మైళ్ళ అవతల జరిగిందాన్ని అర్థం చేసుకోవడానికి నాకు జర్మనీ నుంచి పుస్తకం కావలసి వచ్చింది. ఇంట్లో జరిగింది ఆ పుస్తకం చదివాక కూడా కనపడలేదు.

అమ్మ మర్నాడు తనే పెట్టె తెరిచి చీర తీసింది.

*

మళ్ళీ పవర్‌పేట. పట్టుచీరతో గౌను కుట్టడం ఎంత చిక్కో అక్కడ కూర్చున్నాకే తెలిసింది. చాలా చోట్ల చీరని కలీలుగా, అంటే పైన సన్నగా కింద వెడల్పుగా ఉండే ముక్కలుగా కోసి, ఒకదానికొకటి అతుకుతారు. ఘేరు బ్రహ్మాండంగా వస్తుంది. కానీ చీర ఇక ఏ జన్మకీ చీర కాదు, జరీ అంచు ముక్కముక్కలవుతుంది. ఆవిడ చీరని బల్ల మీద పరిచి, చేత్తో నిమిరి, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత టేపు వేసింది. వెడల్పు నలభై ఆరు అంగుళాలు. పిల్ల నడుము నుంచి నేల దాకా ముప్పై ఎనిమిది.

"అంచుని కోయనండి," అంది. "వెడల్పే పొడుగవుద్ది. అంచు కిందకి, నేల మీదకి. పమిట ఒక కోత, అది పైభాగానికి. ఇటు చివర ఒక కోత, అది చేతులకి. మధ్యది మూడున్నర మీటర్లు ఒకటే ముక్క. కుచ్చు పోస్తే నడుం దగ్గర మొద్దులా ఉంటది, మడతలు పెడతాను."

నిలువు కోత ఒక్కటి లేదు. ఐదున్నర మీటర్ల చీరకి రెండే రెండు అడ్డకోతలు. లోపల కాటన్ లైనింగు, దాని కింద నిలబడ్డానికి పల్చటి నెట్టు, వెనక జిప్పు. పైభాగానికి ఆది కావాలి కదా అంటే, పిల్ల స్కూలు యూనిఫాం టాపు తెమ్మంది. రోజూ వేసుకునేది, ఒంటికి అలవాటైనది. అక్క నవ్వింది, ఆవిడ నవ్వలేదు.

కుట్టుకూలి మూడున్నర వేలు చెప్పింది. మేం పెట్టిన ఫొటోగ్రాఫరు ఖర్చులో అది ఎన్నో వంతో నేను రాయను, సిగ్గుచేటు. ఈ రోజుల్లో మగ్గం వర్కు జాకెట్టుకి చీర ఖరీదుని మించి పోస్తున్నారు. ఆ పోసిందాంట్లో చట్రం ముందు ఒంగి కూర్చున్న కుర్రాడికి దక్కేది ఎంత అన్నది ఎవరైనా చక్కగా లెక్క కట్టి రాయాల్సిన వ్యాసం. నాకు తెలిసింది ఈ ఒక్క కొట్టు సంగతే. పది రోజులు పట్టింది. ఒకసారి ట్రయలుకి పిలిచి భుజం పావంగుళం లోపలికి లాగింది. ట్రయలప్పుడు పిల్ల అద్దంలో చూసుకుంటుంటే ఆవిడ అద్దం వైపు చూడలేదు. వెనక నిలబడి, చేతులెత్తమని, కూర్చోమని, వంగమని చెబుతూ జిప్పు దగ్గర బట్ట ఎక్కడ లాగుతోందో చూసుకుంది.

ఫంక్షన్ బాగా జరిగింది. గౌను స్టేజీ మీద ఎర్రగా, అంచు నేల మీద బంగారంగా, చీర చీరలాగే ఉంది. వచ్చినవాళ్ళు ఎక్కడ కొన్నారని అడిగారు. డెకరేషన్ గురించి నేను ఏమీ చెప్పను, దానికి వేరే వెబ్‌సైట్లున్నాయి.

రాత్రి పదకొండింటికి అందరూ గదుల్లోకి వచ్చాక అమ్మమ్మ గౌను తెమ్మంది. మంచం మీద పరచలేదు, నేరుగా తిరగేసింది. కుట్టుపని తెలిసినవాళ్ళు బట్టని ముందు లోపలి నుంచే చూస్తారు. వేళ్ళతో నడుము కుట్టు వెంట మెల్లగా వెళ్ళింది. పక్కలకి ఎంత బట్ట వదిలిందో గోరుతో కొలిచింది. అక్కణ్ణుంచి కిందకి దిగి, అంచు పైన ఒకచోట ఆగింది. మళ్ళీ తడిమింది.

"టక్కు పెట్టిందే!" అంది.

మేం ఎవరం గమనించలేదు. మిగిలిన ఎనిమిదంగుళాలని ఆవిడ కోసి పారెయ్యలేదు. నాలుగంగుళాల లోతున టక్కుగా లోపలికి మడిచి, ఆ గీత పైకి కనపడకుండా జరీ అంచు పక్కనే చేత్తో కుట్టేసింది. పిల్ల ఎదిగితే విప్పుకోవచ్చు. గౌను మొత్తం విప్పేస్తే మూడున్నర మీటర్లు ఒకే ముక్క, ఓణీకి సరిపోతుంది, మిగులుతుంది కూడా.

"కూలెంతిచ్చారు?" అంది అమ్మమ్మ.

"మూడు వేలు," అంది అమ్మ. "మూడున్నర చెప్పింది. తగ్గించాం."

అమ్మమ్మ ఏమీ అనలేదు. గౌనుని మళ్ళీ పై వైపుకి తిరగేసి, చేతులు లోపలికి మడిచి, నిలువునా రెండు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"పొద్దున్నే వెళ్ళి ఆ అయిదొందలూ ఇచ్చిరారా," అంది నాతో.